పార్కు గోడ పక్కన పసుపు వెదురు

మా పుట్టింటివాళ్లు బుట్టలల్లి బతికారు. నా చదువు మూడో తరగతితో ఆగింది కానీ, వెదురు గురించి ఎవరూ నాకు చెప్పాల్సిన పనిలేదని చాలాకాలం అనుకున్నాను. ఆ పొగరుతోనే తప్పు చేశాను.

నాచారంలో మా ఇల్లు ఇరుకు. పక్కింటి కిటికీ మా వంటింట్లోకి చూస్తుందని కోడలు ఉప్పల్ దాకా వెళ్లి నర్సరీ నుంచి పసుపు వెదురు తెచ్చింది. పరదాలైతే చిరుగుతాయి, చెట్టు చిరగదు కదా అని నేనే దగ్గరుండి గొయ్యి తవ్వించాను. "అత్తమ్మా, గోడకు ఏం గాదు గదా?" అని కోడలు అడిగితే, "పొద ఏడికి పోతది? నాటిన కాడనే లావైతది" అన్నాను. మా వాళ్లు కొట్టి తెచ్చిన అడవి వెదురంతా అలాంటిదే. పిలకలు తల్లిని అంటిపెట్టుకునే లేస్తాయి. మరో రకం ఉంటుందని నాకు తెలియదు.

రెండో వానాకాలంలో బట్టలుతికే బండ పగులులోంచి ఒక పిలక లేచింది. పొదకు పదడుగుల దూరం. తవ్వి చూస్తే జానెడు లోతున వేలంత లావు దుంప, కణుపు కణుపుకూ మొగ్గతో, నేలలో కట్టిన మా నీళ్ల సంపు దాకా పాకింది. గోడ అడ్డొస్తే దాని వెంబడే తిరిగి మూల దాటింది. అంతా పెకిలించేసరికి నాకు వారం పట్టింది.

ఆ వారంలోనే కాలనీ కమిటీ పార్కు గోడ పొడవునా అదే వెదురు నాటాలని తీర్మానించింది. ఆ గోడ పక్కనే కాలనీ మొత్తానికీ తాగునీళ్లిచ్చే పాత ఇటుకల సంపు ఉంది. దాని అవతల మురుగు కాలువ. ఇటుకలు విచ్చుకుంటే మేమేం తాగుతామో వేరే చెప్పాలా?

ఆదివారం పొద్దున బకెట్లో దుంప వేసుకుని పార్కుకు వెళ్లాను. మొక్కలు అప్పటికే నల్ల కవర్లలో వచ్చి ఉన్నాయి. కూలీ గడ్డపార పట్టుకుని నిలబడ్డాడు. కమిటీ కార్యదర్శి రైల్వేలో రిటైరైన కోస్తా పెద్దమనిషి. బకెట్లోకి తొంగి చూశాడు.

"అల్లం తెచ్చారేంటండీ, పెద్దమ్మగారూ?"

చుట్టూ నలుగురూ నవ్వారు.

"అల్లమైతే చాయ్‌ల ఏసుకుందుము సారూ. ఇది మా సంపు పక్కపొంటి ఉరికింది. రేపు మీ దానికాడికి వస్తది."

"నర్సరీ అతను గ్యారంటీ ఇచ్చాడండీ. అందం కోసం పెంచే మొక్క, ఎక్కడికీ పోదన్నాడు."

"నేను గూడ గట్లనే అన్న. ఆయన మన సంపు ఏడున్నదో సూసిండా?"

"మీరేమన్నా బోటనీ చదివారా?"

"మూడో తరగతి సదివిన. కవరు సింపి సూడనీకి గది సాలు."

బొడ్లోని కత్తి తీసి ఒక కవరు నిలువునా కోశాను. మట్టి దులిపితే, సన్నటి వేళ్ల మధ్య దుంప కవరు గోడ వెంట రెండు చుట్లు తిరిగి ఉంది. నాటిన చోటే కూర్చునే జాతి అయితే దుంప తల్లి మొదట్లోనే కొక్కెంలా పైకి వంగుతుంది. ఇది దారి కోసం వెతుక్కుంది.

"ఒక్కటి చూసి అన్నీ అంతేనంటే ఎలాగండీ?" అన్నాడాయన.

"అన్ని సింపుండ్రి. అప్పటిదాంక నేనీడనే కూసుంట."

సంపు మూత మీద కూర్చున్నాను. కూలీ ఆయన వైపు చూశాడు, ఆయన నా వైపు చూశాడు.

"ఎండెక్కుతోందండీ. రెండు మొక్కలు మాత్రం నాటి సరిపెట్టుకుందాం."

"ఒక్కటి గూడ వద్దు. ఎండ నాకు కొత్తనా? కోడలు బువ్వ ఈడికే తెస్తది."

నన్ను తప్పని నిరూపించాలనే పట్టుదలతో ఆయనే కత్తి అడిగి తీసుకున్నాడు. రెండో కవరు కోసి మట్టి దులిపాడు, అందులోనూ దుంప చుట్టలు తిరిగే ఉంది. మూడోది కోశాక కూలీ చేతిలోని గడ్డపార తీసుకుని గోడకు ఆనించాడు. మొక్కలు నర్సరీకి వాపసు పంపడానికి ఆటో పిలిపించమని ఎవరితోనో అన్నాడు.

చివరి కవరు ఆటో ఎక్కేదాకా నేను మూత మీంచి లేవలేదు.