గుప్పెడు కొసరు

ఆ సంత రోజు మధ్యాహ్నానికి పోయినవి చెప్తాను. వేయించిన వేరుశనగలు రెండు కిలోలు; అందులో కింద ఒలికినవే నూట పాతిక గ్రాములు. గాజుసీసా మూత ఒకటి. నా చొక్కా గుండీలు రెండు. ఇంట్లో నా లెక్కల మీదున్న గౌరవం ఎంత పోయిందో కాటాకి అందలేదు.

గజపతినగరంలో వేరుశనగలు, శనగలు, మరమరాలు అమ్మే కొట్టు నాది. పెట్టిన ఏడాదికి మా ఆవిడ గడువు విధించింది.

"ఏటండీ, ఈ నెల ఆఖరి సంతకి నలభై మంది రాకపోతే కొట్టు మూసేసి మా తమ్ముడి మిల్లులో లెక్కలు రాసుకోండి."

బావమరిది దగ్గర పని! ఆ పూటే ఉపాయం వెతకడం మొదలుపెట్టాను.

కొసరు అందరూ వేస్తారు. తూచాక కొట్టువాడు నాలుగు గింజలు విదిలిస్తాడు, ఎవరికీ గుర్తుండదు. అదే కొన్నవాళ్లు తమ చేత్తో తీసుకుంటే? నా గుప్పెడు తూచాను, నలభై రెండు గ్రాములు. ఆవిడది ముప్పై నాలుగు. పక్క కొట్టు టైలరుది నలభై ఒకటి. సగటు ముప్పై తొమ్మిది. యాభై మందికి రెండు కిలోలు చాలు. బుట్ట నింపి బోర్డు రాశాను: "కొన్న ప్రతివారికీ గుప్పెడు కొసరు."

మొదటి ఆరుగురూ నా సగటుకి అటూ ఇటూగానే తీశారు. ఏడో మనిషి సంతలో ఎండుచేపలు అమ్మే ఆవిడ. బోర్డు చదివించుకుని, తన చెయ్యి చూసుకుని, రోడ్డవతల నిలబడ్డ తాటిచెట్లెక్కే మనిషిని కేకేసింది.

"ఒరే తమ్ముడా, ఇలా రారా! నీ సెయ్యి ఓపాలి అరువియ్యి."

"గుప్పెడు మీదే అవ్వాలమ్మా" అన్నాను.

"ఎవులి గుప్పెడో బోర్డు మీద రాసినావేటి?"

రాయలేదు.

ఆ చెయ్యి దిగితే బుట్ట కనిపించలేదు. తూచాను. తొంభై ఆరు గ్రాములు! ఇంక జనం నా కొట్టు మీద పడ్డారు. ఫోన్లలో వీడియోలు తీస్తున్నారు. "బావా, నాక్కూడా!" "ఒసే తొయ్యకే, నానే ముందొచ్చినాను!" నేను అతను తీసిన ప్రతి గుప్పెడూ తూస్తున్నాను. తొంభై ఆరు. తొంభై ఆరు. మళ్లీ తొంభై ఆరు! అంత నిక్కచ్చి చెయ్యి నా జన్మలో చూడలేదు. నష్టం సంగతి మరిచి నేనూ ఎగిరి చప్పట్లు కొట్టాను. గుండీలు ఊడింది అప్పుడే.

"ఇంతమందిని నీ కాడికి తెచ్చినాను. మరి నా కూలేటి మావా?" అన్నాడతను.

"నువ్వు తీసిన గుప్పెడికి గుప్పెడు!" అని అరిచేశాను.

అతని పదిహేడో గుప్పెడుతో బుట్ట ఖాళీ. కొనేసి కొసరుకోసం నిలబడ్డవాళ్లు ఇంకా నలభై ఒక్క మంది. వచ్చే సంతకి ఇస్తానని బతిమాలి, మనిషికో గీత చొప్పున గోడ మీద సుద్దతో గీశాను.

మొత్తం అరవై నాలుగు మంది. మా ఆవిడ ఒప్పుకోలేదు.

"ఆళ్లు కొసరుకొచ్చినారు, మీ కొట్టుకి కాదు. బోర్డు తీసేసి వచ్చే సంత సూడండి. అప్పుడూ నలభై మంది వస్తే నానేటీ అనను."

తీసేశాను. ఆ సంతకి పొద్దున్నే గీతల వాళ్లు దిగారు. "మావా, నా గీత ఏదీ?" ఈసారి ఎవరి గుప్పెడు వాళ్లదే అన్నాను. కొసరు ఒక్కటే పట్టుకుపోతే బాగుండదని ఒకరు పావు, ఒకరు అరకిలో కొన్నారు. ఆ తాటిచెట్ల మనిషి చెయ్యి చూపిస్తామని చుట్టాల్ని కూడా వెంటబెట్టుకొచ్చారు. నలభయ్యో మనిషి రాగానే మా ఆవిడే వచ్చి కాటా దగ్గర కూర్చుంది.

"ఏటలా సూస్తారు? పొట్లం కట్టండి!"

నా లెక్క సరిగ్గా కుదిరుంటే వాళ్లలో ఎందరు తిరిగొచ్చేవారో నాకు అనుమానమే.

ఇది జరిగి రెండేళ్లు. గోడ మీది గీతలన్నీ తుడిచేశాను. తాటిచెట్ల మనిషి మాత్రం ప్రతి సంతకీ వస్తాడు, పావుకిలో కొంటాడు, కూలి తీసుకోమంటే తల అడ్డంగా ఊపుతాడు.

"ఇప్పుడొద్దు మావా. అది తీరిపోతే ఏటని నీ కాడికొస్తాను?"

ఈ రోజుకీ నేను అతనికి బాకీ ఉన్నది పదిహేడు గుప్పెళ్లు. అతని చేత్తో తొంభై ఆరు చొప్పున, కిలో ఆరు వందల ముప్పై రెండు గ్రాములు.