ఫార్మలిన్‌లో పడ్డ ముక్క

ఆ ఆసుపత్రిలో ఆవిడని అందరూ ఐసక్క అంటారు. పదకొండేళ్లుగా నీలం రంగు ఐసు డబ్బా చంకన పెట్టుకుని ఆపరేషన్ థియేటరుకీ ల్యాబుకీ మధ్య పరుగులు పెట్టే మనిషిని ఇంకేమంటారు? నోటి కాన్సరు గడ్డ కోయగానే అందులోంచి శనగగింజంత ముక్క థియేటరు కిటికీలోంచి ఆమె చేతికి వస్తుంది. వెంటనే దాన్ని సీసాలోని మందునీళ్లలో వేసి, ఐసులో పెట్టి ల్యాబుకి చేర్చాలి. ఆలస్యమైతే ముక్క ఉంటుంది గానీ అందులోని కబురు పోతుంది.

ఆ కబురేమిటో సొంత అన్నయ్యకి చెప్పేసరికి ఆమె తలప్రాణం తోకకొచ్చింది. ఆయన బస్టాండులో అనౌన్సరు. ఇరవై ఆరేళ్లుగా ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో మైకులో చెప్పే గొంతు ఆయనదే. నాలుక అంచున మానని పుండు చివరికి కాన్సరని తేలింది.

"ఒంట్లో ప్రతి కణంలోనూ అన్ని జన్యువులూ ఉంటాయి అన్నయ్యా. కానీ అన్నీ ఒకేసారి పనిచెయ్యవు. కొన్ని గోల చేస్తాయి, కొన్ని నోరు మూసుకుంటాయి. ఏవి గోల చేస్తున్నాయో చూస్తే నీ గడ్డ మెడలోకి పాకే రకమా కాదా అన్నది తెలుస్తుంది."

"అంటే బస్సుల పట్టిక ఎలాగూ గోడ మీదుంది. ఇవాళ మైకులో ఏ బస్సుల పేర్లు వినిపిస్తున్నాయో వింటారు. అంతేనా?"

"అంతే."

"అంతోటిదానికి ఇంత చదువెందుకే?" అని ఆయన పుండు నొప్పి మరిచిపోయి నవ్వాడు.

నవ్వాడు గానీ ఆ పరీక్ష మీదే కొండంత ఆశ పెట్టుకున్నాడు. పాకే రకం కాదని తేలితే రేడియేషన్ అక్కర్లేదు. పాకే రకమైనా, అసలేమీ తేలకపోయినా ముప్ఫై రోజులు తప్పదు. ఆపరేషన్‌లో పోయేది నాలుక అంచు మాత్రమే, మాట తిరిగొస్తుంది. రేడియేషన్‌తో నోట్లో తడి ఆరిపోతే మాత్రం రోజంతా మైకు ముందు మాట్లాడే ఉద్యోగం చెయ్యలేడు.

"మీ అన్నయ్య ఆపరేషన్ రోజు వేరేవాళ్లని పంపుదామమ్మా" అంది ల్యాబు నడిపే పెద్ద మేడమ్.

"నాకంటే త్వరగా ఎవరు తెస్తారండీ?" అంది ఐసక్క. ఆ మాటలో ప్రేమ ఎంతో, పొగరూ అంతే. పదకొండేళ్లలో ఆమె చేతిలో ఒక్క ముక్కా పాడవలేదు మరి.

ఐసు డబ్బా పట్టకముందు పన్నెండేళ్లు ఆమె మామూలు ల్యాబులో పనిచేసింది. అక్కడ ఒంట్లోంచి ఏ ముక్క వచ్చినా కుళ్లిపోకుండా ఫార్మలిన్ అనే ఘాటు మందులో వెయ్యాలి. మైక్రోస్కోపులో చూడ్డానికి అదే మంచిది. జన్యువుల కబురుకి మాత్రం అదే విషం. కొత్తగా చేరినవాళ్లు ఫార్మలిన్ జాడీవైపు చూస్తే చాలు, ఐసక్క కళ్లెర్రజేసేది. థియేటరు కిటికీ పక్కన 'ముందు మన సీసా, తర్వాతే జాడీ' అని ఎర్రసిరాతో రాసి అంటించింది కూడా ఆవిడే.

ఆ రోజు ఆ కాగితం ఆమె కళ్లెదురుగానే ఉంది. నర్సు ముక్కని చిన్న గిన్నెలో అందించింది. గడ్డలో మిగతాదంతా అప్పటికే కిటికీ గట్టు మీది ఫార్మలిన్ జాడీలో పడింది. ఐసక్క పట్టకారుతో ముక్కని ఎత్తింది. సరిగ్గా అప్పుడే వదిన వెనకనుంచి వచ్చి ఎడమచెయ్యి పట్టుకుంది.

"నొప్పి తెలుస్తోందా ఆయనకి? చెప్పు. నువ్వు చెబితేనే నమ్ముతాను."

ఐసక్క వదిన మొహంలోకి చూసింది. చూస్తూ ఉండగానే కుడిచెయ్యి తనంతట తానే పన్నెండేళ్ల పాత దారి పట్టింది. ఘాటు ముక్కుకి తగిలాక గానీ ఆమెకి తెలిసిరాలేదు. ముక్క జాడీలో అడుక్కి దిగుతోంది.

చేతి తొడుగుతోనే లోపలికి చెయ్యి పెట్టి తీసింది. కడిగింది. సీసాలో వేసి, ఎవరికీ చెప్పకుండా, ఏడుస్తూ పరుగెత్తింది. కబురు చెడకుండా ఉందో లేదో చెప్పే మిషను పదికి మార్కులు వేస్తుంది. కనీసం ఏడు రావాలి. రెండు వచ్చింది. మళ్లీ పెట్టింది. రెండే.

ల్యాబులో ఎవరూ లేరు. పక్క అరలో అదే రోజు వచ్చిన మరో రోగి సీసా ఉంది, దానికి తొమ్మిది. సీసాల మీద పేర్లుండవు, నంబరు స్టిక్కర్లే. గోటితో ఒక స్టిక్కరు సగం లేపింది. అవతలివాడి గడ్డ మంచిదై, ఆ మాట నమ్మి అన్నయ్య ఇంట్లో కూర్చుంటే? లోపల ఆయనది నిశ్శబ్దంగా మెడలోకి పాకితే? స్టిక్కరుని తిరిగి అదిమి, రిజిస్టరులో రాసింది: 'పనికిరాదు. ఫార్మలిన్ తగిలింది. తప్పు నాది.'

మూడోరోజు అన్నయ్య మంచం పక్కన నిలబడి జరిగిందంతా చెప్పింది. ఆయనకింకా మాట రాలేదు. పలక మీద రాశాడు: 'మీ వదిన ఏమడిగింది?'

"నీకు నొప్పి తెలుస్తోందా అని."

తుడిచి మళ్లీ రాశాడు: 'చెప్పావా?'

"లేదు."

ఆయన పలకని దుప్పటి మీద బోర్లించి కళ్లు మూసుకున్నాడు. తిట్టినా బాగుండేదనిపించింది ఐసక్కకి.

ముప్ఫై రోజులూ రేడియేషన్ కరెంటు పెట్టారు. బస్టాండులో ఇప్పుడు రికార్డు చేసిన ఆడగొంతు వినిపిస్తోంది. అన్నయ్య పార్సిల్ ఆఫీసులో రసీదులు అతికిస్తూ, పది నిమిషాలకోసారి సీసా ఎత్తి నీళ్లతో నోరు తడుపుకుంటాడు. చెల్లెలు వస్తే కుర్చీ చూపిస్తాడు. ఇదివరకటిలా ఏడిపించడు.

పెద్ద మేడమ్ ఐసక్కని పనిలోంచి తియ్యలేదు. తీసేస్తుందని ఆమె ఎదురుచూసింది, తీసేస్తే బాగుండని కూడా అనుకుంది.

మొన్న మళ్లీ అదే కిటికీ దగ్గర, చేతిలో పట్టకారు ఉండగా, ఎవరో రోగి భార్య వచ్చి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, లోపల మా ఆయన..." ఐసక్క చెయ్యి విదిలించుకుంది. ముక్క మన సీసాలో పడి, మూత బిగుసుకునేదాకా తల తిప్పలేదు. తిప్పేసరికి ఆ మనిషి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయింది. ఆగి ఒక్క మాట చెప్పాలని ఐసక్కకి గొంతుదాకా వచ్చింది. డబ్బా చంకన పెట్టుకుని పరుగెత్తింది.

ఆ ముక్కకి తొమ్మిదిన్నర వచ్చింది.