గోడ ఇవతలి సజ్దా

ఈ రంజాన్ మొదటి శుక్రవారం జుమ్మా నమాజుకు మా కోడలు తయారై వచ్చి, మసీదులో ఆడవాళ్ల గదికి ఏసీ పెట్టించారట, నువ్వూ రారాదు అత్తమ్మా అని పిలిచింది. మోకాళ్ల నొప్పులని చెప్పి తప్పించుకున్నాను. అబద్ధం కాదుగాని, నన్ను ఆపింది ఆ నొప్పి కాదు. నా ఈడువాళ్లకైతే ఇట్టే అర్థమవుతుంది, నిన్నమొన్న వచ్చిన పిల్లకు ఏమని చెప్పను?

మేము దేవరకొండలో దూదేకులవాళ్లం. పరుపులు, బొంతలు కుట్టుకుని బతికిన ఇల్లు. తెలంగాణ వచ్చిన కొత్తలో మా గల్లీ మసీదును విప్పి కొత్తగా కట్టారు, కమిటీకి పెద్ద మా అత్తగారి పెద్దకొడుకే, అంటే మా బావగారు. అన్నం వండే ముందు పిడికెడు బియ్యం తీసి మసీదు పేరున పక్క కుండలో వేయడం మా ఆడవాళ్లకు తాతలనాటి ఆనవాయితీ. కట్టుబడి సాగినన్నాళ్లూ ఆ బియ్యమే వండి మేస్త్రీలకు, కూలీలకు పెట్టాం. అత్తగారు కొడుకును అడిగింది ఒక్కటే: బుద్ధెరిగిన నాటినుంచి ఇంటి మూలన ఒంటరిగా చదువుకున్న నమాజు, కన్నుమూసేలోగా ఒక్క రంజాన్ నెలంతా మసీదులో నలుగురితో కలిసి చదవాలని. కాదనలేక బావగారు మసీదును ఆనుకుని ఒక గది వేయించారు. దానికి సందులోంచి వేరే తలుపు, మసీదు వైపు మాత్రం కిటికీ అన్నదే లేదు. ముందు నిలబడి నమాజు చదివించే ఇమాము గొంతు వినబడేందుకు గోడకొక స్పీకరు బిగించారు, ఇంతకన్నా ఏం కావాలన్నట్టు.

రాష్ట్రం వచ్చింది, ఇక కరెంటు పోదని అందరం మురిసిపోతున్న రోజులవి. ఆ రంజాన్‌లోనే ఒక జుమ్మా నాడు, మేమంతా నేలకు నుదురాన్చి సజ్దాలో ఉండగా, కరెంటు పోయి స్పీకరు మూగబోయింది. అల్లాహు అక్బర్ అని ఇమాము పలికే తక్బీరు వినబడితేనే తల ఎత్తాలి. మగవాళ్లకేం, ఎదురుగా ముందు వరుస కనబడుతుంది, ఇమాము గొంతూ వినబడుతుంది. మేము గోడ ఇవతల అట్లాగే ఉండిపోయాం. నమాజులో ఏదైనా పొరపాటు జరిగితే మగవాడు నోటితో చెప్పాలి, ఆడది చేతిమీద చెయ్యి చరచాలి, అదీ కట్టుబాటు. మా ముందు వరుసలో ఎవరో చరిచారు కూడా. గోడకేం వినబడుతుంది? ఊపిరాడని ఉక్కపోత, నా పక్కన నెలలు నిండుతున్న మా ఆడబిడ్డ సన్నగా మూలగడం మొదలుపెట్టింది. అప్పుడు అత్తగారు తల ఎత్తి, గట్టిగా అల్లాహు అక్బర్ అన్నది. అందరం లేచాం, మిగిలిన నమాజు ఆమె గొంతు వెంటే పూర్తిచేశాం.

ఆ గొంతు అవతలికి వినబడిందట. గర్భిణి మనిషి ఏమైందని గాని, గోడలో చిన్న కంత పెడదామని గాని ఒక్కడు అనలేదు. ఆడదాని గొంతు మసీదులో లేచిందనీ, ముసల్ది ఇమాము అయిపోయిందనీ ఒకటే రచ్చ. మక్కాకు ఉమ్రా యాత్ర పోయొచ్చి, అక్కడ కాబా చుట్టూ ఆడామగా కలిసే తిరుగుతారని మాకు ఫోనులో చూపించిన మనిషి మా బావగారు. ఆయనే సాయంత్రానికి గదికి తాళం వేసి, ఇంటికొచ్చి తల్లి ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

“నేనేం జేయాలమ్మా, నీ గొంతు మగోళ్ల చెవులల్ల పడ్డదంటున్రు,” అన్నాడు.

“నువ్వు నా కడుపుల ఉన్నప్పుడు గూడ నేను నమాజు చదివిన కొడకా. నీ చెవులల్ల మొదాలు పడ్డది నా గొంతే. అప్పుడు లేని పాపం ఇప్పుడెట్లొచ్చింది?”

ఆయన తాళం మాత్రం తియ్యలేదు. కడుపు మండిపోయి నేను బియ్యం తియ్యడం మానేశాను. అత్తగారు మానలేదు. దేవుడిచ్చిన బియ్యం దేవుడికే పోతాంది, నడుమ కమిటోళ్లెవరే అని నన్నే కోప్పడింది. గదిలో పాత చాపలు, చీపుర్లు, పగిలిన కూజాలు చేరాయి. మరో రంజాన్ వచ్చి పోయింది, ఆమె మళ్లీ ఇంటి మూలనే చదువుకుంది, ఆ పై చలికాలంలో కన్నుమూసింది.

పోయినవాళ్ల కోసం చదివే జనాజా నమాజుకు ఆమెను మసీదుకే తీసుకుపోయారు. అందరూ దారి ఇచ్చి, మగవాళ్ల భుజాల మీద పెద్ద దర్వాజాలోంచి లోపలికి తీసుకుపోయి, అన్ని వరుసలకూ ముందు పడుకోబెట్టారు. కన్న కూతురు, నేను, వాడకట్టు ఆడవాళ్లం గడప దాటకుండా ఇంటి దగ్గరే నిలబడ్డాం. అంత దుఃఖంలోనూ నాకు ముందు వచ్చింది కోపమే.

ఆ తర్వాత బావగారు గది కడిగించి, తలుపు తెరిపించారు. ఇప్పుడు మా కోడలి ఈడు పిల్లలు నవ్వుకుంటూ పోయొస్తున్నారు, చూస్తే సంతోషమే, మా కాలంలో ఆ పాటి అడుగైనా నిలవలేదు. కాని కిటికీ ఇప్పటికీ లేదు. కమిటీలో ఆడమనిషీ లేదు. ఆమె ఒక్కసారి గొంతెత్తినందుకు మూసిన తలుపు అది, ఆ గొంతు మట్టిలో కలిశాకగాని తెరవలేదు.