నూనె తగలకూడని చోటు

"స్పానరు యాడ పెట్టినావే?"

"నీ మొలలోనే దోపుకోనుండావు, చూసుకో."

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. ఆయన లుంగీ మడత తడుముకుని, స్పానరు దొరికాక నా వైపు చూడకుండానే నవ్వుకుని, మోపెడ్ వెనక బ్రేకు నట్టు బిగించాడు. తర్వాత నడుచుకుంటూ జువ్వలదిన్నె హార్బరుకు వెళ్లాడు. అక్కడ వల మోపు ఎత్తబోయి గుండె పట్టుకుని కూర్చున్న మనిషి మళ్లీ లేవలేదు. మొగుడితో చివరగా ఏదైనా మంచి మాట మాట్లాడి ఉండాల్సిందని బాధపడేవాళ్లను చూశాను. నాకు ఆ బాధ లేదు. మేము రోజూ మాట్లాడుకునేది అట్లాగే.

నాకు సంతకం వరకే వచ్చు. నేను చెబుతుంటే మా ఆడబిడ్డ కూతురు రాస్తోంది.

ఆ మోపెడ్ వెనక ఐసు పెట్టె కట్టుకుని, హార్బరులో చేపలు ఎత్తుకుని, బోగోలు వీధులు, బిట్రగుంట రైల్వే కాలనీ తిరిగి అమ్మేవాళ్లం. ఆయన వేటకు పోయిన రోజుల్లో నేనే నడిపేదాన్ని. ఆయన పోయాక నా కూడు నేను సంపాదించుకోవాలంటే ఆ బండి నా దగ్గర ఉండాలి. మా మరిదికి అది ఇష్టం లేదు. మంచివాడే. బండి అమ్మేసి ఇంటి పట్టున ఉండు వదినా, నీకింత కూడు పెట్టలేనా అన్నాడు. పెట్టగలడు. కానీ కూర నచ్చకపోతే నచ్చలేదని చెప్పే నోరు నాకు ఉండదు కదా, ఆ ఇంట్లో.

కర్మలు అయ్యాయి, ఆ వెంటనే సముద్రంలో ఏటా పెట్టే రెండు నెలల వేట నిషేధం వచ్చింది. పంచలో నిలబడిపోయిన బండికి ఉప్పు గాలి తగిలి వెనక చక్రం పట్టేసింది. మరిది బోటు ఇంజను చూసుకునే మనిషి. నేను అడగకముందే చక్రం విప్పి, తుప్పు వదిలించి, మళ్లీ బిగించి పెట్టాడు.

వేట మొదలైన రోజు పెట్టె నిండా కానాగంత చేపలు వేసుకుని బయలుదేరాను. కాలవ వంతెన దిగుతుంటే ఎదురుగా బర్రెల మంద. వెనక బ్రేకు నొక్కాను. బండి ఆగలేదు. ముందు బ్రేకు కూడా పట్టేసరికి చక్రం జారింది. కాళ్లు నేలకు ఈడ్చుకుంటూ సవక చెట్ల కింద ఇసుకలోకి పోయి పడ్డాను. పెట్టె తిరగబడింది. బర్రెలు తోలే మనిషి నన్ను లేపి, పెద్ద దెబ్బలు లేవని చూసుకున్నాక, "ఏందక్కా, మా బర్రెలకి చేపల కూర పెడదామనుకున్నావా?" అన్నాడు. మోచెయ్యి మండుతున్నా నవ్వొచ్చింది.

మరిదికి నవ్వు రాలేదు. వచ్చి లీవరు నొక్కి చూసి, "బ్రేకు రాయి మాదిరి ఉండాది వదినా. నీ చేతులే వణికినాయి. ఇంక ఈ బండి మనకొద్దు" అన్నాడు. ఆదివారం బండి కొనే మనిషిని వెంటబెట్టుకొస్తానని చెప్పి వెళ్లాడు.

నా చేతులు వణకలేదు. నట్టు వదులైతే లీవరు పిడికిట్లోకి వచ్చేస్తుంది. ఇది గట్టిగానే ఉంది, అయినా చక్రం ఆగదు. అంటే నా నొక్కుడు లోపలికి పోతోంది, లోపల పట్టడం లేదు. ఆయన బ్రేకులు విప్పినప్పుడల్లా నట్లు పోకుండా సత్తు పళ్లెం పట్టుకుని ఎదురుగా కూర్చునేది నేనే. చేసే పని పైకి చెప్పుకుంటూ చేయడం ఆయనకు అలవాటు. ఆ గొణుగుడు అంతా నాకు వచ్చు.

చక్రం ఊడదీశాను. చక్రం నడిమి డ్రమ్ము లోపలి గోడ నున్నగా మెరుస్తోంది. దాన్ని లోపలి నుంచి ఒరుసుకుని ఆపాల్సిన బ్రేకు షూలు రెండూ నల్లగా నానిపోయి ఉన్నాయి. వేలు పెట్టి వాసన చూశాను. బోటు ఇంజను నూనె.

మావాళ్లు ఇనుము కనిపిస్తే నూనె పూయకుండా ఉండలేరు. లంగరుకు పూస్తారు, గిలకకు పూస్తారు, ఇంటి తలుపు బందుకూ పూస్తారు. సముద్రం పక్కన ఇనుము బతకాలంటే అదే దారి. అన్న బండి తుప్పు పట్టకూడదని మరిది కూడా చేతి నిండా పూశాడు. బండి మొత్తంలో పొడిగా ఉండి ఒరుసుకుంటేనే పనిచేసే చోటు బ్రేకు ఒక్కటే. మరిదికి అది తెలియదు. చెబితే, అన్నను పోగొట్టుకున్న మనిషికి వదినను కూడా చంపబోయావని చెప్పినట్టు. చెప్పకపోతే బండి పోతుంది.

చెప్పడం తర్వాత, ముందు బాగు చేద్దామనుకున్నాను. షూలను పెట్రోలుతో కడిగి ఎండలో పెడితే లోపలి నుంచి మళ్లీ నూనె ఊరింది. లాభం లేదని కొత్తవి తెచ్చాను. డ్రమ్ము కడిగి, గరుకు కాగితంతో రుద్ది, తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాను. ఆ దుమ్ము నోటితో ఊదకూడదు. షూలను ఎడంగా నెట్టే ఇనుప ముక్క తిరిగే చోట మాత్రం చిటికెడు గ్రీజు. చక్రం ఎక్కించి, అది ఒరుసుకునేదాకా నట్టు బిగించి, మళ్లీ సులువుగా తిరిగేదాకా వదిలాను. పెట్టెలో చేపలకు బదులు నీళ్లు నింపి వీధి చివరిదాకా పోయి ఆపి చూశాను. ఆగింది.

ఆదివారం మరిది ఆ మనిషితో వచ్చాడు. అరుగు మీద ఆరేసి ఉన్న పాత షూలను చూసి, ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇది నేను పూసిన నూనే కదా, వదినా?"

"అవును నాయనా. ఆడ పూయకూడదు."

"చెప్పకపోతివే."

"బాధపడతావని."

"నువ్వు పడి చచ్చుంటే పడనా?"

మరిది బండెక్కి, నీళ్ల పెట్టెతోనే కాలవ వంతెన దాకా పోయి వచ్చాడు. వచ్చిన మనిషికి టీ ఇప్పించి, అమ్మడం లేదని చెప్పి పంపేశాడు. తెల్లారి నాకంటే ముందు హార్బరుకు పోయి ఐసు నింపించి, పెట్టె తనే కట్టాడు. ఆడది తిరగడం ఏందని ఇప్పటికీ గొణుగుతాడు, తాడు బిగిస్తూనే.

ఇంతే అమ్మాయ్. నూనె సంగతి రాసిన చోట మీ చిన్నమామ మీద నింద పడినట్టు ఉందేమో, అక్కడ నా మాట కటువుగా ఉంటే మారుద్దాం. మొదటి నుంచీ ఒకసారి చదువు, వింటాను.