గాలికి కట్టిన గాలపు తాడు

దసరా వెళ్లిన మరుసటి మంగళవారం, పొద్దున్నే ఐదు గంటలకు, బంగాళాఖాతం నడిమధ్యలో నేనొక ఘనకార్యం చేశాను. ఓడ మునగలేదు గానీ నా పరువు మునిగింది. చదివి నవ్వండి. యాభై దాటాక అక్షరాలు దిద్దినవాణ్ణి, ఒక్కో మాటకూ చెయ్యి నొప్పి పుడుతుంది. నవ్వకపోతే ఆ నొప్పంతా దండగ.

మాది ములకలపల్లి పక్క. దమ్మపేట తోటల్లో పామాయిల్ గెలలు నరికేవాణ్ణి. దమ్మపేటలో హోటల్ పెట్టి మూసేసిన అప్పారావుకు ఓడలో వంట పని దొరికితే, అంట్లు తోమడానికి నన్నూ లాక్కుపోయాడు. అది సముద్రం మీద పై గాలిని కొలిచే ఓడ. మనిషంత బుడగకు చిన్న తెల్ల డబ్బా కట్టి వదులుతారు. తానెక్కడుందో ఆ డబ్బా రేడియోలో చెబుతూ పోతుంది. అది ఎటు, ఎంత జోరుగా కొట్టుకుపోతే గాలి అటు, అంత జోరు.

ఆ రోజు అల్పపీడనం పుట్టింది. గాలి లెక్క ఒడ్డుకు తప్పకుండా పంపాలి. మధిర పిల్ల శిరీషమ్మ మొదటిసారి ఒంటరిగా ఆ పని చేస్తోంది. బుడగలో నింపే గ్యాసు చూస్తే ఒక్కదానికే మిగిలింది.

"బాబాయ్, డబ్బా పట్టుకో. నేను బుడగ వదలగానే నువ్వూ వదిలెయ్."

"మళ్లెప్పుడొస్తది బిడ్డా?"

"రాదు. పైకెళ్లి బుడగ పగుల్తుంది. డబ్బా సముద్రంలో పడిపోద్ది."

"ఏంది! గింత మంచి డబ్బాని గంగల కలుపుతరా?"

"గాలి ఎటు తీసుకుపోతుందో చూడ్డానికేగా వదిలేది!" అంటూ కంప్యూటర్ సరిచూడటానికి లోపలికెళ్లింది.

మా ఇంట్లో పుంజును మేతకు వదిలినా కాలికి తాడుంటుంది. తాడు లేకుండా మేం వదిలేది తిట్టు ఒక్కటే. అప్పారావు చేపలు పట్టే గాలపు తాడు ఉండ అక్కడే కనిపించింది. ఒక కొస డబ్బాకు, ఒక కొస ఓడ కమ్మీకి. పుంజుకు వేసే ముడే వేశాను.

శిరీషమ్మ వచ్చింది. మసక చీకట్లో ఆ సన్న తాడు ఆమెకు కనబడలేదు. వదిలాం. బుడగ జోరుగా లేచింది. ఆమె లోపలికి పరుగెత్తింది. తాడు సర్రున సాగి సాగి, బిగుసుకుంది. బుడగ ఇంటికి రానని మొరాయించే తాగుబోతులా ఓ పక్కకు ఒరిగింది. నాకు మాత్రం, డబ్బాను కాపాడానని ఒకటే గర్వం!

టీ పట్టుకుని లోపలికెళితే పెద్ద సారు కృష్ణమూర్తి గారు గుడ్లురుముతున్నారు.

"ఏంటమ్మా ఇది? బుడగ పైకెళ్లదేం?"

"ఎత్తు ఆగిపోయింది సార్. గాలేమో మన ఓడ ఎంత జోరుగా పోతుందో అంతే జోరుగా, మనం పోయే దిక్కుకే పోతోంది."

అంతలో వాన మబ్బును తప్పించడానికి ఓడ పక్కకు తిరిగింది.

"సార్, గాలి కూడా తిరిగింది!"

"గాలి మన ఓడకు కాపలా కాస్తోందా? నీ లెక్కే తప్పు. ఈ పూటకు ఒడ్డుకు ఏం పంపుతావు?"

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. నోరు మూసుకుంటే నా కొలువు మిగులుతుంది, తెరిస్తే ఆమె మాట మిగులుతుంది. టీ గ్లాసు సారు చేతికిచ్చి తెరిచాను.

"తప్పు లెక్కది కాదు సార్. తాడుది."

"ఏ తాడు?"

"అప్పారావన్న గాలపు తాడు. డబ్బాను కమ్మీకి కట్టిన."

గుమ్మంలోంచి అప్పారావు కేక: "ఓరి సోమయ్యా! నా కొత్త తాడా!"

సారు మొహం ఎర్రబడింది. అయిపోయాను అనుకున్నాను. ఆయన ముక్కులోంచి టీ వచ్చింది. నవ్వాపుకోలేకపోయారు.

నలుగురం పడి లాగాం. వేళ్లు తెగాయి గానీ బుడగ పగల్లేదు. శిరీషమ్మ కూరగాయల కత్తితో తాడు కోసి, అదే బుడగను మళ్లీ వదిలింది. లెక్క ఆలస్యంగానైనా ఒడ్డుకు చేరింది.

"నన్ను రేవుల దింపేస్తరా బిడ్డా?"

"దింపం. నీకు వేరే శిక్ష ఉంది బాబాయ్. రోజూ నా దగ్గర అక్షరాలు దిద్దాలి."

అంత తియ్యటి శిక్ష ఇంకెవరూ వేయలేదు నాకు. రేవులో గ్యాసు నింపుకుని మళ్లీ బయల్దేరినప్పుడు, మొదటి డబ్బా మీద నా చేత్తో నా మొదటి మాట రాశాను: "పో". పోయింది.

కనుక, భద్రాద్రి దిక్కు తిరిగి ప్రమాణం చేస్తున్నాను: పోవాల్సినదాన్ని ఇంకెన్నడూ కట్టను. మేకలకు ఇది వర్తించదు.

ఆ పొద్దు అక్కడున్నవాళ్లు: పలక చేతికిచ్చిన శిరీషమ్మ, నవ్వి వదిలేసిన కృష్ణమూర్తి గారు, ఆ తాడు ఏదని ఇప్పటికీ అడిగే అప్పారావు, అంట్లు వదిలేసి వచ్చిన ఈ సోమయ్య.