పాసంగం చూసిన ముల్లు

మాది గుడివాడలో కిరాణా కొట్టు. నడక బస్తాల మధ్య నేర్చుకున్నాను, మాట బేరంలో నేర్చుకున్నాను. ఏ వస్తువు చూసినా ముందు దానికో వంక వెతకడం నాకు పుట్టుకతో వచ్చింది. ఉప్పెన వచ్చిన మరుసటి ఏడు, బందరులో పాత సామాన్ల సాయిబు గారి కొట్లో ఆ ఇత్తడి బారోమీటరు చూసినప్పుడూ అదే పని చేశాను. తక్కెడ పళ్ళెమంత గుండ్రటి డబ్బా. అద్దం కింద ఒక ముల్లు, చుట్టూ గాలి బరువు చెప్పే అంకెలు, గీతలు. ఏ ఓడ మీద నుంచి దిగిందో.

“ఇది తప్పు చూపిస్తోందండీ,” అన్నాను, ధర తగ్గుతుందని.

“ఒప్పెంతో సెలవివ్వండి, ఇప్పుడే తిప్పి ఇస్తాను. వెనకాల మర ఉంది,” అన్నారు సాయిబు గారు.

ఒప్పెంతో నాకేం తెలుసు? ఆయన అడిగిందే ఇచ్చాను. మా వంశంలో అలా ఎవరూ కొనలేదు.

కొన్నది మా అక్క కోసం. అక్కను దివిసీమలో ఇచ్చాం. ఉప్పెనలో ఇల్లు పోయింది. మనుషులు డాబా ఎక్కి బతికారు. మళ్ళీ ఇల్లు కట్టుకున్నారు గానీ, ఆకాశం కాస్త నల్లబడితే చాలు, అక్క మూటలు కట్టి, పిల్లల్ని తీసుకుని గుడివాడ బస్సెక్కేది. బావ కోసిన వరి కోసినట్టే వదిలి వెనకాల రావాల్సి వచ్చేది. “ఇంకొక్కసారి ఇలా జరిగితే పొలం అమ్మేసి వచ్చి నీ కొట్లో పొట్లాలు కడతాను బావమరిదీ,” అన్నాడు ఒకసారి. నవ్వుతూ అనలేదు. పొలం లేకపోతే ఆయన మనిషి కాడు. తుఫాను ముందు గాలి బరువు పడిపోతుందని నేనెక్కడో చదివి ఉన్నాను. ముల్లు పడిపోలేదు, కదలక్కర్లేదు అని అక్క తనంతట తాను చెప్పుకోగలిగితే ఆ కాపురం అక్కడే నిలబడుతుంది.

కొన్న ముల్లును సరిచెయ్యాలిగా. బందరులో వాతావరణం ఆఫీసు ఉంది. సరుకుకి వెళ్ళినప్పుడు అడిగితే, అక్కడి ఉద్యోగి గారు ఆ పొద్దున ఎనిమిదిన్నరకు చూసిన అంకె చెప్పారు. నేను నా ముల్లు చూసింది సాయంత్రం నాలుగింటికి. పొద్దున ఎందుకు వెళ్ళలేదంటే, పొద్దున బోణీ. బోణీ కాకుండా కొట్టు వదిలితే నాన్న ఊరుకోడు. నా ముల్లు ఆఫీసు అంకెకి పధ్నాలుగు గీతలు కింద ఉంది. వాళ్ళదొక మాట, దీనిదొక మాట. మధ్యలో తెగ్గొట్టడం తప్ప నాకు వేరే విద్య రాదు. మర ఏడు గీతలు తిప్పి, ఇద్దరికీ న్యాయం చేశాననుకుని, తీసుకెళ్ళి అక్క గోడకి తగిలించాను.

రెండో నాడు దీపాలు పెట్టే వేళకి అక్క మూటలతో, చంకలో ఆ బారోమీటరుతో మా గుమ్మంలో ఉంది. ఆకాశంలో మబ్బు తునక లేదు.

“పొద్దుటికీ మధ్యాహ్నానికీ నీ ముల్లు మూడు గీతలు దిగిందిరా,” అంది.

“ఇంత ఎండ కాస్తుంటే ఉప్పెనేంటే?”

“ఆ ముక్క నీ ముల్లుకి చెప్పు.”

బావ అరుగు మీద కూర్చుని పొట్లాల కాగితాలు మడవడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేది.

అక్క మంచినీళ్ళు తాగి, దాన్ని ఎలా సరిచేశావో చెప్పమంది. చెప్పాను: పొద్దుటి అంకె, సాయంత్రం ముల్లు, మధ్యలో బేరం. వింటూనే కొట్లో వేలాడే తక్కెడ వైపు చూసింది.

“ఏరా, పాసంగం చూసేటప్పుడు నాన్న ఒక పళ్ళెం పొద్దున, ఒక పళ్ళెం సాయంత్రం ఎత్తుతాడా?”

ఖాళీ తక్కెడ ఎత్తి, తేలికగా ఉన్న వైపు చిన్న ముక్క కట్టి రెండు పళ్ళేలూ సమం చెయ్యడమే పాసంగం చూడటం. ఊహ తెలిసిన దగ్గర్నుంచి రోజూ చూసిన పని.

“పైగా తేడాలో సగం కట్టి ఊరుకున్నావు. ఆ తక్కెడతో తూస్తే జనం కొడతారు,” అంది.

మర్నాడు కొట్టు తాళం తియ్యలేదు. నాన్నకి అక్కే ఏదో చెప్పుకుంది. ఇద్దరం మొదటి బస్సుకి బందరు వెళ్ళాం, బారోమీటరు అక్క ఒళ్ళో. ఎనిమిదిన్నరకు ఆఫీసాయన తన పాదరసం గొట్టం చూసి అంకె చెప్పారు.

“కాస్త తగ్గించరా అండీ,” అన్నాను అలవాటు కొద్దీ.

“పాదరసం బేరమాడదండీ.”

మర తిప్పి, అద్దం మీద వేలితో తట్టాను. ముల్లు ఆయన అంకె మీదకొచ్చి నిలబడింది. నాలుగింటిదాకా ఉండి మళ్ళీ చూశాం. ఆయనదీ మూడు గీతలు దిగింది, మాదీ మూడే.

“సముద్రానికున్నట్టే గాలికీ రోజూ ఆటుపోట్లుంటాయమ్మా,” అన్నారాయన అక్కతో. “నాలుగింటికి దిగింది చీకటి పడ్డాక ఎక్కాలి. ఎక్కకపోయినా, ఎప్పటికన్నా ఎక్కువ దిగినా బయల్దేరండి. రేడియో మాత్రం మానకండి.”

ఆ ఏడు కోతల్లో తూర్పు గాలి లేచింది, ఆకాశం నల్లబడింది. అక్కను తీసుకొద్దామని బస్సెక్కాను. అవనిగడ్డ బస్టాండు నిండా మూటలే. వాటిలో అక్క లేదు.

ఇంట్లో ముల్లు ముందు నిలబడి ఉంది.

“రోజూ దిగేంతే దిగింది,” అంది. బావ గుమ్మంలో ఉన్నాడు. చేలో కోసిన వరి ఇంకా పనల మీదే పరిచి ఉంది, వాన పడితే తడిసిపోతుంది.

చీకటి పడింది. అక్క లాంతరు ఎత్తి పట్టుకుని అద్దం మీద తట్టింది. కదల్లేదు. కాసేపాగి మళ్ళీ తట్టింది. ముల్లు ఒక గీత పైకి జరిగింది. ఇంకాసేపటికి ఇంకో గీత.

“వెళ్ళి కుప్ప వేయించండి,” అంది బావతో.

ఆయన తువాలు నెత్తికి చుట్టుకుని పరుగు లాంటి నడకతో వెళ్ళాడు. వాయుగుండం ఒరిస్సా వైపు తిరిగిందని రేడియో ఆ తర్వాత చెప్పింది. తెల్లారి రెండు జల్లులు పడి వెలిసింది. కుప్ప లోపల ఒక్క గింజ తడవలేదు. పొలం అమ్మే మాట బావ మళ్ళీ ఎత్తలేదు.

పొద్దున్నే పక్కింటావిడ దడి మీంచి అడిగింది, “ముల్లేమంటోంది వదినా?”

“ఉండమంటోంది,” అంది అక్క, రాణీగారిలా.

“మర తిప్పిందెవరో కూడా చెప్పు,” అన్నాను.

“సరే, ఘనతలో సగం నీది. మధ్యలో తెగ్గొట్టాను.”

బేరమాడకుండా పుచ్చుకున్నాను.