మా ఇంటి ఉప్పు మాత్రం తెల్లగానే

జహీరాబాద్‌లో కిరాణా దుకాణానికి పోతే కొత్తరకం ఉప్పు ప్యాకెట్ కనిపించింది. "సహజం, ఏమీ కలపలేదు" అని రాసి ఉంది. చదవగానే అనుమానం పుట్టింది.

బడికి చిటికెడు ఉప్పు పొట్లం కట్టుకుపోయిన రోజు మీకు గుర్తుందా? మా బడిలో సారు ఏదో మందు చుక్క వేస్తే అందరి ఉప్పూ నీలంగా మారింది. రాళ్లలా ఉండే మా దొడ్డుప్పు తెల్లగానే ఉండిపోయింది. అయోడిన్ కోసం ఉప్పులో కలిపే అయోడేట్ అయాన్ల వల్లే ఆ నీలమనీ, అయోడిన్ అందకపోతే మెడ వాస్తుందనీ సారు చెప్పారు.

ఏడుపు ముఖంతో ఇంటికొచ్చి చెబితే నానమ్మ మురిసిపోయింది.

"నీలమైందంటే దాంట్ల ఏదో కలిపిన్రు బిడ్డా. మనదే అసలు ఉప్పు. గా ప్యాకెట్లు నేను ఇంట్లకు రానియ్య."

అంటూనే కొంగు మెడచుట్టూ బిగించుకుంది. ఎండాకాలంలో కూడా ఆ కొంగు ఎందుకు తీయదో, ఆ రోజు మొదటిసారి అనుమానమొచ్చింది.